మాగిన ఆకు



మా రెడ్డిగూడెము ప్రాంతమున 'మాగుట' యను మాటకు అర్థము చెప్పవలసిన పని లేదు. పరువునకు వచ్చిన కాయను తొడిమతో కోసి, సొన కారనిచ్చి, గదిలో వరిగడ్డి పరచి, దానిపై కాయలను పేర్చి, మరల గడ్డి కప్పినచో, కొలది దినములలో పులుపు తీపియగును. పసరు వాసన పోయి పండు వాసన పుట్టును. చిన్న రసమున కొక లెక్క, బంగినపల్లి కొక లెక్క, కలెక్టరు కాయ కొక లెక్క. ఆ లెక్క తెలిసిన ముసలివారు గది తలుపు తీసినంతనే, కాయను ముట్టకయే, ఇంకెన్ని దినములు పట్టునో చెప్పుదురు. 2022 ఏప్రిలులో జిల్లాలు విడిపోయినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోను, మా ఊరు ఎన్.టి.ఆర్. జిల్లాలోను పడినవి గాని, కాయ మాత్రము నేటికిని నూజివీటి పేరనే నున్న బజారునకు పోవుచున్నది.

ఈ 'మాగుట' యను మాటను మా తాతగారు మరియొక వస్తువునకు కూడ వాడెడివారు. అది పొగాకు. చుట్ట వెలిగించి రెండు గుక్కలు పీల్చి, ముఖము చిట్లించి, "ఆకు మాగలే" దనెడివారు. మాగిన ఆకు గొంతు పట్టదు. మాగని ఆకు దగ్గు తెచ్చును. ఆయనకు తెలిసిన పొగాకు శాస్త్ర మింతియే. ఆ కాలపు గ్రామస్థులలో పెక్కురకు తెలిసినదియు నింతియే.

నేడు నేనీ ప్రసంగమునకు పూనుకొనుటకు ఒక కారణము కలదు. ఈ మధ్య మా వైపు పెద్దలు కొందరు నన్నొక ప్రశ్న యడిగిరి. పట్టణములలో చదువుకొను కుర్రవారు కొందరు ఒక చిన్న గొట్టము వంటి విద్యుద్యంత్రమును నోట నుంచుకొని ఆవిరిని పీల్చుచున్నారట. దానిలో పోయు ద్రవమును కొందరు ఇంటిలోనే కలుపుకొందురట. కలిపిన తరువాత సీసాను చీకటి అరలో పెట్టి, కొన్ని వారములు మాగబెట్టుదురట. ఏమన, మాగినకొలది రుచి కుదురునని వారి నమ్మకము. "ఇందులో నిప్పు లేదు, బూడిద లేదు, పొగ లేదు, మామిడిపండు వాసన కూడ వచ్చుచున్నది. ఇక కీడేమున్న" దని ఆ పెద్దల ప్రశ్న. ఈ ప్రశ్నకు వైద్యుడు రెండు ముక్కలలో సమాధానము చెప్పగలడు. నేను వైద్యుడను కాను. పాత సంగతులను వెదకుకొనువాడను. పొగాకును కలుపుట, మాగబెట్టుట యను విద్య మన తెలుగుదేశమున ఎట్లు పెరిగినదో చెప్పినచో ఆ సీసాలోని సంగతి దానంతట తెలియునని నా తలంపు.

పొగాకు మన దేశపు మొక్క కాదు. గరుత్మంతుడు అమృతకలశమును తెచ్చుచుండగా ఒక చుక్క జారి నేలబడి ఈ మొక్కయై మొలచినదని చెప్పు చాటుపద్యము మీరందరు విన్నదే; కన్యాశుల్కములో గిరీశము నోట విని నవ్వుకొన్నదే. చమత్కారము మంచిదే గాని, మొక్క వచ్చినది స్వర్గము నుండి కాదు, అమెరికా ఖండము నుండి. 1492లో కొలంబసు ఆ తీరమును చేరిన పిదప ఐరోపావారికి ఇది తెలిసినది. పోర్చుగీసువారి ఓడలపై మన పడమటి రేవులకు దిగినది. 1604, 1605 ప్రాంతమున అసద్ బేగు అను నుద్యోగి బిజాపురమునుండి పొగాకును, రత్నములు తాపిన గొట్టమును కొనిపోయి అక్బరు పాదుషాకు కానుకగా నిచ్చెను. పాదుషా రెండు మూడు గుక్కలు పీల్చెను. ప్రక్కనున్న వైద్యుడు వారించి, ఇది పరీక్షింపబడని ద్రవ్యమనియు, మన గ్రంథకర్తలు దీనినిగూర్చి ఏమియు వ్రాయలేదనియు చెప్పెను. సభలో వాదము జరిగినది. వైద్యుని మాట నిలువలేదు. వర్తకులు పొగాకును తెచ్చి అమ్మసాగిరి. 1617లో జహంగీరు నిషేధించెను గాని, ఆ నిషేధమును లెక్కచేసినవారు కానరారు.

మన వైపున బందరు రేవు ఈ వ్యాపారమునకు ద్వారమైనది. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అచ్చట వర్తకస్థానములను నెలకొల్పిరి. 1618 మొదలు 1622 వరకు బందరులో నుండిన విలియం మెత్వోల్డు అను ఇంగ్లీషు వర్తకుడు గోలకొండ రాజ్యమును వర్ణించుచు వ్రాసిన గ్రంథము 1626లో అచ్చయినది. అందులో ఈ సీమలోని పొగాకు ప్రస్తావన కలదు. అనగా క్రొత్తమొక్క వచ్చిన కొలది కాలముననే మన రైతు దానిని తన పంటలలో చేర్చుకొన్నాడు. పేరు కూడ పరభాష నుండి అరువు తెచ్చుకొనలేదు. ఉత్తరాదివారు 'తమాకు' అని విదేశపు మాటనే పట్టుకొనగా, మనవారు పొగయు ఆకును కలిపి 'పొగాకు' అని సొంత పేరు పెట్టిరి. పేరు పెట్టినవారు దానిని తమదిగా చేసికొనిరి.

తమదిగా చేసికొనుటలో మొదటి మెట్టు గోదావరి లంకలలో కనబడును. వరద తీసిన తరువాత లంకలపై క్రొత్త ఒండ్రు నిలుచును. ఏటేట నది తెచ్చు ఆ మట్టిలో పెరిగిన ఆకునకు లంకపొగాకని పేరు. ఆ పేరు సముద్రములు దాటినది. 1890లో వెలువడిన ఒక ఇంగ్లీషు నవలలో షెర్లాకు హోమ్సు అను అపరాధపరిశోధకుడు వివిధములైన పొగాకుల బూడిదలను గుర్తుపట్టు తన ప్రజ్ఞను చెప్పుకొనుచు, 'లంకా' చుట్టను ప్రత్యేకముగా పేర్కొనును. మన గోదావరి నడుమ ఇసుక దిబ్బల పేరు లండను పాఠకుల ఇండ్లలో వినబడెనన్నమాట. ఆ రచయిత లంకలను చూచినవాడు కాడు. చుట్టను చూచి యుండును.

అయితే లంక మట్టి సగము పని మాత్రమే చేయును. తక్కినది రైతు చేతిలో నుండును. కోసిన ఆకును వెంటనే కాల్చినచో అది పచ్చిగడ్డి కాలినట్లుండును, నోరు కమరిపోవును. కావున ఆకును తోరణములుగా కట్టి పందిళ్లపై వ్రేలాడదీయుదురు. పచ్చదనము పోయి, పసుపై, గోధుమవన్నెకు తిరుగును. ఆరిన ఆకును దింపుటకు కూడ సమయము కలదు. తెల్లవారుజామున మంచు పడి ఆకు పదునెక్కి మెత్తబడినప్పుడే దింపవలెను; ప్రొద్దెక్కిన పిదప ముట్టిన, చేతిలో పొడియై రాలిపోవును. అటుపిమ్మట మండె వేయుదురు. ఆకు కట్టలను ఒకదానిపై నొకటి ఒత్తుగా పేర్చి, చాపలు కప్పి, పైన బరువు పెట్టుదురు. కొలది దినములలో మండె లోపల వేడి పుట్టును. నిప్పు లేకయే పుట్టు ఆ వేడిలో ఆకు మాగును.

ఇచ్చటనే అనుభవశాలికిని అనుభవము లేనివానికిని భేదము. అనుభవశాలి మండెలోనికి చేయి జొనిపి చూచును. గోరువెచ్చగా నున్నచో ఊరకుండును. చేయి ఓర్వలేనంత వేడి యైనచో మండెను విప్పి, పై ఆకు అడుగునకును, అడుగు ఆకు నడుమకును మార్చి మరల కట్టును. ఇట్లు పలుమారులు తిరుగవేయుదురు. పదును ఎక్కువైనచో బూజు పట్టును, తక్కువైనచో మాగదు, వేడి ఎక్కువైనచో నల్లగా మాడి పనికిరాకుండ పోవును. ఒక్క రాత్రి ఏమరినచో ఏడాది కష్టము కుళ్లిపోవును. విప్పినప్పుడు మొదట కన్నులు మండించు ఘాటు వచ్చును. అది అమ్మోనియా యని రసాయనజ్ఞులు చెప్పుదురు. తిరుగవేసినకొలది ఆ ఘాటు తగ్గి, ఎండుద్రాక్షను తలపించు తీయని వాసన తేలును. అప్పుడు ఆకు వన్నె ముదిరి, చేతికి పట్టువలె తగులును. ఈ విద్యను బడిలో చెప్పినవారు లేరు. తండ్రి చేయిపట్టి కొడుకునకు చూపినదే. దీనిని మోటుపని యని చులకన చేయువారు ఒక్కసారి మండెలో చేయి పెట్టి చూడవలెను.

లంకలనుండి మరల బందరునకు వత్తము. అచ్చట మరియొక విద్య పెరిగినది. అది నస్యము, మన వాడుకలో ముక్కుపొడుము. లండనులో 'మసూలీపట్నము' అను పేరనే ఒక నస్యము అమ్ముడగుచుండెను. నల్లనిది, తేమ గలది, వాసన దట్టముగా గలదని దానికి ప్రసిద్ధి. ఆ ఊరి కలంకారీ వస్త్రములకు ఎట్టి పేరుండెనో, ఆ ఊరి పొడుమునకును కొంత అట్టి పేరే యుండెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి ఆ పట్టణమున ఇంచుమించు ముప్పదివేల ప్రాణములను బలిగొన్నది. తరువాత రేవు మునుపటివలె లేవలేదు.

దక్షిణదేశమున పొడుము చేయు విధము ఇట్టిది. మాగిన ఆకునకు ఈనెలు తీసివేసి, వేచి, మెత్తగా నూరుదురు. అందు నేయి కలుపుదురు, సున్నము చేర్చుదురు. పిదప కొంతకాలము మూసియుంచి ఊరనిత్తురు. నేయి ఏల యని అడిగిన, పొడి ఎగిరిపోకుండ, ముక్కు మండకుండ అని చెప్పుదురు. సున్నమేల యని అడిగిన, 'పట్టు' కొరకనుదురు. నాకు తెలిసిన ముసలమ్మ యొకతె సున్నము తక్కువైన పొడుమును "చచ్చిన పొడుము" అనెడిది. పొడుముకాయ మూత తీసి వ్రేలితో తట్టి, చిటికెడు తీసి, ముక్కున నుంచుకొను ముందే, వాసనబట్టి అది ఏ అంగడిదో చెప్పగలిగెడిది. అంతటి ముక్కు ఆమెది.

సున్నము చేయు పని ఏమో ఇప్పుడు చెప్పుట అవసరము. పొగాకులో నికోటిను అను ద్రవ్యము కలదు. 1560 ప్రాంతమున లిస్బను నగరమునుండి పొగాకును ఫ్రాన్సు రాజాస్థానమునకు పంపిన రాయబారి జీన్ నికో పేర దాని కాపేరు వచ్చినది. 1828లో జర్మనీదేశమందలి హైడెల్బర్గులో పోసెల్టు, రైమాను అనువారు దానిని వేరుచేసి, విషమని తెలిపిరి. ఆకులో ఈ నికోటిను ఆమ్లములతో కూడి కట్టుబడి యుండును. సున్నము క్షారము. అది తగిలినంతనే ఆ కట్టు విడిపోయి, నికోటిను విడివడి, ముక్కులోని పలుచని పొరద్వారా తటాలున రక్తములో కలియును. తల తిరుగుట, తుమ్ములు, 'పట్టు' అన్నియు దీనివలననే. తాంబూలములో పొగాకుతో సున్నము చేరినప్పుడును జరుగునది ఇదే. రసాయనశాస్త్రము పేరైన నెరుగని ముసలమ్మ తన ముక్కుతో కనిపెట్టిన సంగతిని, శాస్త్రము తరువాత వివరించినది. ఈ సున్నపు సంగతిని మనసున నుంచుకొనుడు; మరల దీనితో పని కలదు.

హైదరాబాదు వైపు హుక్కా త్రాగువారికి ఖమీరా యను మరియొక పద్ధతి కలదు. పొగాకును కూరి, బెల్లపుపాకముతో ముద్దచేసి, పండ్లగుజ్జు, సుగంధద్రవ్యములు కలిపి, కుండలలో కెక్కించి మాగబెట్టుదురు. బెల్లము చేరిన పొగాకు గనుకనే గుడాకు అనుచుందురు; గుడమనగా బెల్లము. నేటి సీసా ద్రవమునకు పూర్వికుడెవ్వడని అడిగినచో, నేను చుట్టను చూపను, ఖమీరా కుండను చూపుదును. ఏలన, చుట్టలో రుచి ఆకుదే. కుండలో రుచి కలిపినవానిది. ఆకు రుచిని పండు రుచి క్రింద దాచుట అచ్చటనే కనబడును. హుక్కాలో పొగ నీటిగుండ వచ్చును గావున శుద్ధియగునని పలువురు నమ్మిరి. నీరు పొగను చల్లబరచును. చల్లబడిన పొగను మనుష్యుడు మరింత లోతుగా పీల్చును. విషమును నీరు పట్టియుంచదు.

ఇరువదవ శతాబ్దమున గుంటూరు సీమకు వర్జీనియా పొగాకు వచ్చినది. 1920లో సాగు మొదలైనది. 1928 ప్రాంతమునుండి బేరన్లలో వేడిగొట్టముల నుంచి ఆకును వండుట సాగినది. 1947లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధనాలయము, 1976లో గుంటూరున పొగాకు బోర్డు నెలకొన్నవి. ఈ కథ వేరు ప్రసంగమునకు చాలినది. మన విషయమునకు కావలసిన దొక్కటి: బేరనులో వండిన ఆకును కూడ ఏడాది రెండేండ్లు నిలువచేసి మాగబెట్టిన పిదపనే సిగరెట్టుకు వాడుదురు. ఎంత యంత్రము వచ్చినను కాలము చేయు పని కాలమునకే విడిచిరి.

ఇంతవరకు చెప్పినది విద్యయొక్క గొప్ప. ఇక దాని రెండవ ముఖము.

మాగుట వలన ఆకు మృదువగును, నిజము. నికోటిను కూడ కొంత తగ్గును, అదియు నిజము. ఇందువలన మాగిన ఆకు మేలైనదను నమ్మకము పుట్టినది. మా తాతగారును అట్లే నమ్మిరి. కాని 1970 తరువాత శాస్త్రజ్ఞులు వేరొక సంగతిని బయటపెట్టిరి. పచ్చి ఆకులో ఇంచుమించు లేని కొన్ని ద్రవ్యములు ఆరుటలోను, మండెలోను, నిలువలోను క్రొత్తగా పుట్టుచున్నవి. ఆకులోని నత్రజని లవణములను సూక్ష్మజీవులు మార్చగా, అవి నికోటినుతోను దాని సంబంధులతోను కలిసి నైట్రోసమీనులను పదార్థము లేర్పడును. వీనిలో రెండు మనుష్యులకు పుట్టకురుపును, అనగా క్యాన్సరును, కలిగించునవని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనాసంస్థ నిర్ణయించి, 2007లో ప్రకటించినది. కాల్చని పొగాకు, అనగా నమలునదియు, పీల్చు పొడుమును, ఆ పట్టికలోనే చేరినవి. ఈ పదార్థములకు వాసన లేదు, ఘాటు లేదు. అమ్మోనియా పోయిన సంగతిని ముక్కు చెప్పగలిగినది, వచ్చినదేమో చెప్పలేకపోయినది. రైతు చేయి వేడిని కొలిచినది, దీనిని కొలువలేకపోయినది. అంత నేర్పరియైన మన రైతునకు తెలియకుండనే, అతని మండెలో రుచియు రోగమును ఒక్కసారే మాగినవి. ఇది అతని తప్పని నేననను. కంటికి కనబడని దానిని ఏ కన్ను చూడగలదు?

మామిడిలో అట్లు కాదు. గడ్డిలో కాయ మాగుట ప్రకృతి ఆ కాయకు పెట్టిన ధర్మము. విత్తును మోసికొనిపోవు ప్రాణికి ఆహారమగుటకే అది మాగును. పొగాకు మొక్క నికోటినును చేసికొన్నది తన్ను తిను పురుగును చంపుటకు. ఈ సంగతి మన తోటలవారికి క్రొత్త కాదు. అరకిలో పొగాకును నాలుగున్నర లీటర్ల నీటిలో అరగంట మరిగించి, వడగట్టి, సబ్బు కలిపి, మరింత నీటితో పలుచజేసి పేనుబంకపై చల్లు కషాయమును మనవారు వాడినారు. తడిసిన పచ్చాకును రోజంతయు కోసిన కూలీలకు వాంతులు, తలనొప్పి వచ్చుట పొగాకు పండు సీమలవారు ఎరిగినదే; విషము చర్మము గుండనే లోనికి పోవును.

ఇప్పుడు సీసా దగ్గరకు వత్తము. 2003లో చైనాదేశపు ఔషధనిపుణుడు హోన్ లిక్ అను నతడు నేటి రూపమున ఈ యంత్రమును నిర్మించెను. అందులోని ద్రవమున ప్రధానముగా నాలుగు వస్తువులుండును: గ్లిజరిను, ప్రొపిలీను గ్లైకాలు అను రెండు చిక్కని ద్రవములు, నికోటిను, రుచికొరకు పరిమళద్రవ్యములు. తీగ వేడెక్కగా ద్రవము ఆవిరియగును. నిప్పు లేనిమాట నిజమే. కాలినప్పుడు పుట్టు తారు, బొగ్గువాయువు ఇందులో నంతగా లేవు. అంతవరకు కుర్రవారి వాదమును నేను త్రోసిపుచ్చను. పెద్దవాడొకడు సిగరెట్టును మానుటకు దీనిని పట్టుట వేరు. పొగాకు నెరుగని పిల్లవాడు మామిడి వాసనకై దీనిని పట్టుట వేరు.

సున్నపు సంగతి మరల ఇచ్చట వచ్చును. ద్రవమున విడివడిన నికోటిను ఎక్కువైనచో గొంతు మండును, పీల్చువాడు ఆగిపోవును. ఆ మంట ఒక విధమైన కావలి. 2015లో అమెరికాలో జూల్ అను సంస్థ మన ముసలమ్మ చేసినదానికి సరిగా వ్యతిరేకమైన పని చేసినది. క్షారమునకు బదులు బెంజోయికు ఆమ్లమును కలిపి నికోటినును లవణముగా మార్చినది. మంట పోయినది, మోతాదు పెరిగినది. గొంతులోని కావలివాడు నిద్రపోయినాడు. ఆ సంస్థ అమ్మిన రుచులలో పిల్లలకు మిక్కిలి ప్రియమైనవానిలో మామిడి యొకటి. 2019 అక్టోబరులో పండ్ల రుచులను అమ్ముట మానుకొన్నామని ఆ సంస్థ ప్రకటింపవలసి వచ్చినది. మామిడి పేరుతో బ్రతుకు మా ప్రాంతమువారికి ఈ సంగతి చేదుగానే యుండును.

ఇక మాగబెట్టుట. కలిపిన ద్రవమును చీకటిలో నిలువయుంచినచో వన్నె ముదురును. రుచులు ఒకదానితో నొకటి కలిసిపోవును. వన్నె ముదురుటలో కొంతభాగము నికోటిను గాలి సోకి మార్పు చెందుటయే. దానిని చూచి ద్రవము 'పండిన'దని సంతోషింతురు. 2018లో అమెరికాలోని యేలు, డ్యూకు విశ్వవిద్యాలయముల పరిశోధకులు ఇట్టి ద్రవములను పరీక్షించిరి. వనిల్లా, బాదము, దాల్చినచెక్క వాసనల నిచ్చు పదార్థములు ప్రొపిలీను గ్లైకాలుతో కలిసి, సీసాలో ఉన్నయప్పుడే, వేడి చేయకమునుపే, ఎసిటాలులను క్రొత్త పదార్థములుగా మారుచున్నవని తేలినది. అవి ఆవిరిలోనికి చేరుచున్నవి. శ్వాసమార్గమును అసలు పరిమళముకంటె ఎక్కువగా కెరలించుచున్నవి. కలిపినవాడు సీసాలో పోసినదేమో వాడెరుగును. నెల తరువాత దానిలో నున్నదేమో వాడెరుగడు. మండెలో జరిగినదే సీసాలోను జరిగినది. భేదమొక్కటి: మండె వెనుక మూడువందల యేండ్ల అనుభవము కలదు.

"ఈ పరిమళము మిఠాయిలలో వాడునదే గదా" యని కొందరందురు. కడుపు వేరు, ఊపిరితిత్తి వేరు. వెన్న వాసననిచ్చు డయసిటైలు అను పదార్థమును తినుటవలన కీడు కనబడలేదు. కాని 2000 సంవత్సరమున అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున, మొక్కజొన్న పేలాలకు ఆ వాసన కూర్చు కర్మాగారములో దాని ఆవిరిని పీల్చిన పనివారికి ఊపిరితిత్తుల సన్ననాళములు మూసుకొనిపోయిన సంగతి బయటపడినది. 2019లో అదే దేశమున ఆవిరి పీల్చువారిలో హఠాత్తుగా ఊపిరితిత్తుల జబ్బు చెలరేగినది. 2020 ఫిబ్రవరి 18 నాటికి లెక్కకు వచ్చినవారు 2,807 మంది. వారిలో 68 మంది మరణించిరి. పెక్కురు పీల్చినది గంజాయి సారము కలిపి చాటుగా అమ్మిన ద్రవము. దానిని చిక్కబరచుటకు కలిపిన 'ఇ' విటమిను ఎసిటేటు అను నూనెయే ముఖ్యకారణమని తేల్చిరి. ఆ నూనె చర్మమునకు రాచుకొను లేపనములలో వాడునది, హానిలేనిదని పేరుపొందినది. ఎవడో ఒకడు, ఎక్కడో ఒక గదిలో, ద్రవము చిక్కగా కనబడిన మేలని తలచి కలిపినాడు.

కాయలకు కార్బైడు పెట్టువారిని గూర్చి మనము ఏటేట మాటలాడుకొందుము. 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలు దానిని నిషేధించినవి. రంగు వచ్చును, మాగుట రాదు, కొనువాడు మోసపోవును. తన తోటలో కార్బైడును ముట్టని రైతు, తన మనుమని అరలోని సీసాను చూచి "పండ్ల వాసనే గదా" యని ఊరకున్నచో నాకు వింతగా తోచును.

భారతప్రభుత్వము 2019 సెప్టెంబరు 18వ తేదీన ఆర్డినెన్సు ద్వారా ఈ యంత్రముల తయారీని, దిగుమతిని, అమ్మకమును, నిలువను, ప్రకటనను నిషేధించినది. డిసెంబరులో అది శాసనమైనది. మొదటి నేరమునకు ఏడాది వరకు కారాగారము గాని, లక్ష రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. నిలువయుంచినందుకు ఆరు నెలలు, ఏబదివేల వరకు కలవు. చేతనున్న సరుకును సమీపమందలి పోలీసుఠాణాలో అప్పగింపవలెనని అమ్మకందారులను ఆజ్ఞాపించిరి. చట్టము వచ్చినను చాటుమాటు వర్తకము సాగుచునే యున్నది. జహంగీరు కాలమునుండి ఇది మనకు తెలిసినదే.

కావున పెద్దలు ఇంటిలో చూచుకొనవలసినది కొంత మిగిలియున్నది. కలుపుకొనువారు తెప్పించు నికోటిను ద్రవము చిక్కనిది. చేతిపై ఒలికినను లోనికి పోవును. 2014 డిసెంబరులో న్యూయార్కు రాష్ట్రమందలి ఫోర్టు ప్లెయిను అను ఊర ఏడాది బిడ్డ యొకడు ఇంటిలో దొరికిన ఇట్టి ద్రవమును మ్రింగి మరణించెను. అటుపిమ్మట, 2016 జనవరిలో, పసిబిడ్డలు తీయలేని మూతలు సీసాలకు బిగింపవలెనని ఆ దేశమున చట్టము చేసిరి. మన ఇంటి అరలోని సీసాకు అట్టి మూత యుండునను నమ్మకము లేదు. పండు వాసన మాత్రము తప్పక యుండును. అట్టి సీసా కనబడినచో చేతికి గుడ్డయో తొడుగో లేకుండ ముట్టరాదు. ఒలికినచోటును సబ్బునీటితో కడుగవలెను. పిల్లవాడు మ్రింగినాడని అనుమానము కలిగినచో వాంతి చేయింపబూనక, సీసాతో కూడ వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. దానిని పంటకాలువలోగాని, పశువులు నీరు త్రాగు కుంటలోగాని పారబోయరాదు. పేనుబంకను చంపుటకు మనము పలుచజేసి చల్లు కషాయముకంటె అది ఎన్నోరెట్లు చిక్కనిది.